పాత కీబోర్డుకు కొత్త మెదడు

ఐబీఎం 1985లో తెచ్చిన 'మోడల్ ఎం' కీబోర్డును ఇప్పటికీ ముచ్చటపడి వాడేవాళ్లున్నారు. ప్రతి కీ కిందా ఓ స్ప్రింగు. నొక్కగానే అది వంగి టక్కుమంటుంది. అంత గట్టి కీబోర్డూ ఒకరోజు పలకకపోతే? పారేయకండి. కంప్యూటర్ నుంచి తీసేసి, వెనకున్న నాలుగు స్క్రూలు విప్పితే లోపల చిన్న సర్క్యూట్ బోర్డు కనిపిస్తుంది. అదే కంట్రోలర్. ఏ కీ నొక్కారో కంప్యూటర్‌కు చెప్పేది అదే. ముందు దానికి గుచ్చిన పల్చటి రిబ్బన్లు ఊడాయేమో చూడండి. కొత్త కంప్యూటర్‌లో పిన్ను పట్టకపోవడమే సమస్యయితే బయట కన్వర్టర్ చాలు. కంట్రోలరే పోతే టీన్సీ లాంటి బోర్డు అమర్చి, ఉచితంగా దొరికే క్యూఎంకే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు. అప్పుడు యూఎస్‌బీతో పనిచేస్తుంది, ఏ కీకి ఏ పనో మీరే నిర్ణయించుకోవచ్చు. స్ప్రింగులు బాగున్నంతకాలం దానికి ఆయుష్షున్నట్టే!