భర్త పేరు (తప్పనిసరి)

మా పెద్దమ్మ కూతురికి పసిపిల్లలంటే ఎంత పిచ్చంటే, షాద్‌నగర్ బస్టాండులో ఎవరి చంకలోనైనా చంటిది కనబడితే చాలు, ఎక్కాల్సిన బస్సు వదిలేస్తుంది. వయసు 39. పెళ్ళి కాలేదు, చేసుకోనంటోంది. టీచరు ఉద్యోగం, సొంత జీతం, సొంత ఇల్లు. మొన్న దసరాకి అందరం అన్నాలు తింటుంటే "నాకు బిడ్డ కావాలె" అనేసింది.

పెద్దమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. కాసేపటికి తేరుకుని, "ఇన్నేండ్లకు పెండ్లికి ఒప్పుకున్నవ్, గంతే చాలు బిడ్డా" అని కళ్ళు తుడుచుకుంది. మామ అప్పటికే ఫోన్ తీసి సంబంధాల గ్రూపు వెతుకుతున్నాడు. అక్క అడిగింది ఒకటి, వీళ్ళకి వినబడింది ఇంకొకటి. మనకి ఆఫీసులో రోజూ జరిగేదే.. క్లయింటు సైకిల్ అడుగుతాడు, మనం కారు డిజైన్ పంపిస్తాం. కాకపోతే క్లయింటు ఎస్కలేట్ చెయ్యగలడు, అక్క చెయ్యలేదు :-)

మా వాళ్ళనొక్కళ్ళనే అని లాభం లేదు. 2023 సెప్టెంబరులో 'మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి' వచ్చినప్పుడు ఇదే అక్కతో కలిసి చూసా. అనుష్కకి పెళ్ళి వద్దు, బిడ్డ కావాలి, అందుకని దాతని వెతుక్కుంటూ నవీన్ పోలిశెట్టి దాకా వస్తుంది. హాలంతా నవ్వారు, మేమూ నవ్వాం. ఇలాంటి కోరికని వెక్కిరించకుండా నవ్వించినందుకు ఆ సినిమాకి నా తరఫున ఒక వీరతాడు. కానీ చివరికేమైంది? ప్రేమ, జంట కలయిక, శుభం. బయటికొస్తూ అక్క, "మంచిగనే ఉంది గానీ, ఆమె అడిగింది మొగుణ్ణి కాదు కదే?" అంది.

హాలీవుడ్డూ తక్కువ తినలేదు. 2008లో 'బేబీ మామా'లో టీనా ఫే, 2010లో 'ద బ్యాకప్ ప్లాన్'లో జెన్నిఫర్ లోపెజ్.. ఇద్దరూ ఒంటరిగానే తల్లులవుదామని బయల్దేరినవాళ్ళే. ఇద్దరికీ సినిమా అయ్యేలోపు తోడు దొరికేస్తాడు. నాకు ప్రేమకథల మీద పగేం లేదు. నా గొడవల్లా ఒకటే. బిడ్డ కావాలన్న కోరిక దానంతటదే పూర్తి కోరిక అని ఎవరూ నమ్మరు. దాని వెనకాల మొగుడి కోరిక దాక్కునుంటుందని, తవ్వితే బయటపడుతుందని అందరి నమ్మకం. కథ రాసేవాళ్ళ దగ్గర్నుంచి మా మామ దాకా ఆ గడిని హార్డ్‌కోడ్ చేసేసారు.

"చట్టం ఒప్పుకోదమ్మా" అంటాడు మామ. ఆయన చట్టం చూసాడా? నేను చూసా. 1956 హిందూ దత్తత చట్టంలోనే పెళ్ళికాని స్త్రీ దత్తత తీసుకోవచ్చని ఉంది. అసలు తమాషా ఏంటంటే, 2010లో సవరణ వచ్చేదాకా పెళ్ళైన ఆవిడకి తన పేరు మీద ఆ హక్కు లేదు, మొగుడు తీసుకుంటే ఈవిడ సరేననాలి, అంతే! ఇప్పుడు అమల్లో ఉన్న 2022 దత్తత నిబంధనల ప్రకారం ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాణ్ణైనా తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో పుట్టిన సుస్మితా సేన్ 2000లోనే పెళ్ళి కాకుండా ఒక పాపని దత్తత తీసుకుంది. ఏఆర్‌టీ చట్టం ప్రకారం పెళ్ళికాని మహిళ చికిత్స కూడా చేయించుకోవచ్చు. కాకపోతే దాత బ్యాంకు ద్వారానే రావాలి, ఎవరో చెప్పరు. కాబట్టి పోలిశెట్టిని వెతుక్కోవడం కుదరదు.

చట్టమేమీ పత్తిత్తు కాదు లెండి. 2021 సరోగసీ చట్టం చూడండి.. 35 నుంచి 45 ఏళ్ళ మధ్య వితంతువుకీ, విడాకులు తీసుకున్నావిడకీ అవకాశం ఉంది, అసలు పెళ్ళే చేసుకోనావిడకి లేదు. అంటే మొగుడు ఇప్పుడు ఉండక్కర్లేదు, ఒకప్పుడు ఉండి పోయుండాలి! ఈ లాజిక్ రాసినవాళ్ళ కోడ్ రివ్యూ ఎవరు చేసారో మరి.

ఇక అందరూ అడిగే ప్రశ్న. "తండ్రి లేకుండా బిడ్డ ఎట్ల పెరుగుతది?" కాగితాల సంగతైతే 2015లో సుప్రీంకోర్టే తేల్చింది. పెళ్ళికాని తల్లి, తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకి గార్డియన్ కావచ్చు. కాగితాలు వదిలేద్దాం. మా షాద్‌నగర్ 2016 దాకా పాలమూరు జిల్లా. పాలమూరంటే వలస. పెద్దనాన్న పదిహేనేళ్ళు బొంబాయిలో కట్టడం పనికి పోయాడు. ఏడాదికి రెండుసార్లు, పండక్కి ఒకసారి, ఎవరైనా పోతే ఒకసారి వచ్చేవాడు. ముగ్గురు పిల్లల జ్వరాలు, ఫీజులు, పొలం, అప్పులోళ్ళు.. అన్నీ పెద్దమ్మే. ఆయన్ని తప్పుపట్టట్లేదు, పొట్టకూటి కోసం పోయాడు. కానీ ఒంటరిగా పిల్లల్ని పెంచడమంటే ఏంటో మా ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషే "ఒక్కదానివి ఎట్ల పెంచుతవే" అంటోంది. ఆమెకున్నది భర్త పేరు. పెంచింది ఆమె. అక్క ఆ పేరు వద్దంటోంది, పెంచుతానంటోంది. తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

ఇంతకీ అక్క దరఖాస్తు మొదలుపెట్టింది. రిజిస్టర్ చేసుకునే నాటికి 40 దాటితే రెండేళ్ళలోపు బిడ్డ కోసం అడగడానికి లేదు, ఇంకెన్నో నెలలు లేవు. ఆ తర్వాత ఎదురుచూపు ఏళ్ళ తరబడి. అక్కడ మొగుడి పేరు లేకపోయినా నడుస్తుంది. కానీ బంధువులో, తెలిసినవాళ్ళో ఇద్దరు ఈమె మంచిదని, బిడ్డని బాగా చూసుకుంటుందని ఉత్తరాలివ్వాలి. దసరా రోజు ఆ ఇంట్లో పన్నెండుమందిమి ఉన్నాం. ఒకటి నేను రాసిచ్చా. రెండోదానికి మామ "ఆలోచిద్దాం" అన్నాడు, మిగతావాళ్ళకి పనులున్నాయట. స్కూల్లో ఎవరినడిగినా ఇస్తారు. కానీ అక్క వినట్లేదు, అది పెద్దమ్మే ఇవ్వాలట.

పెద్దమ్మకి రాయడం రాదు. సంతకం వచ్చు, ఇంటర్‌లో ఉన్నప్పుడు నేనే నేర్పించా. ఈ శనివారం షాద్‌నగర్ వెళ్తున్నా, కాగితం టైపు చేసి పట్టుకుని.