నలుపు తగ్గినదెక్కడ?

సూరత్ బట్టల బజారులో చేయితిరిగిన వర్తకుడు దీపపు వెలుతురులో చీరను చూచి బేరం ముగించడు. గుమ్మం దాటించి ఎండలో చూస్తాడు. ఇది చాదస్తం కాదు. తనపై పడిన కాంతిలో ఏ భాగాన్ని వస్త్రం తిప్పి పంపునో అదే మనకు దాని రంగు. కాంతి మారితే ఆ పాలూ మారుతుంది. లోపల సరిజోడుగా తోచిన చీర, రవిక వీధిలో ఒకదానికొకటి పొసగకపోవడం అందువల్లనే. నింద మాత్రం అద్దకంవాని నెత్తిన పడుతుంది!

ఇరుగుపొరుగు రంగుల ప్రభావం మరీ విచిత్రమైనది. 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకపు శాఖకు అధిపతియైన రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ ఎదుటికి ఒక ఫిర్యాదు వచ్చింది: నలుపు నిగ్గు తేలడం లేదట. పరీక్షింపగా అద్దకంలో దోషం లేదు. పక్కనున్న నీలి, ఊదా పోగులే నలుపును వెలవెలబోయినట్లు చూపుతున్నవి! ఈ పరిశోధనను ఆయన 1839లో గ్రంథంగా వెలువరించాడు. ఎర్రని గుడ్డపై బూడిదరంగు కాగితపు ముక్క ఉంచి చూడండి. కొంత ఆకుపచ్చగా తోస్తుంది.

ఇక రంగులు మనసుపై చేసే పని అంటారా? అందులో ఆచారం పాలు హెచ్చు. తెలుపు వైధవ్యచిహ్నమని మనలో పలువురి నమ్మకం. సూరత్ పెళ్ళికూతురు ధరించే పానేతర్ చీర మాత్రం తెల్లనిదే, ఎర్రని అంచుతో. మన మధుపర్కాలూ అంతే కదా!