మానిటర్ ఉందని ల్యాప్‌టాప్ తెరను తక్కువ చేయొద్దు

స్టూడియోలో పెద్ద మానిటర్ ఉంది కదా, ల్యాప్‌టాప్‌కు ఏ తెర ఉంటేనేం అనుకునే ఫొటోగ్రాఫర్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి: ఆ మానిటర్ నంద్యాల స్టూడియో దాటి రాదు. ఆళ్లగడ్డలో పెళ్లయిన రాత్రే ఫొటోలు ఏరాలన్నా, శిల్పి పనిశాలలో నల్లరాతి విగ్రహాన్ని తీసి అక్కడికక్కడే చూపించాలన్నా చేతిలో ఉండేది ల్యాప్‌టాప్ ఒక్కటే. చౌక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో తరచూ రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడో వంతుకు పైగా ఆ తెర చూపించలేదు. దాని మీద పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర వెలిసినట్టు కనిపిస్తుంది. సరిచేద్దామని రంగు పెంచుతాం. తీరా ఆల్బమ్ అచ్చయి వచ్చాక చీర మడతలన్నీ ఒకే ఎరుపులో కలిసిపోయి ఉంటాయి. టీఎన్ ప్యానెల్ అయితే మూత కాస్త వంచితే చాలు, విగ్రహం నీడలోని ఉలి గీతలు మాయమవుతాయి. కాబట్టి 4కే కోసం, టచ్ కోసం పెట్టే డబ్బు ముందు నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ చూపే, నిగారింపు లేని ఐపీఎస్ ప్యానెల్ మీద పెట్టండి. రెండు తెరలనూ ఒకే కాలిబ్రేటర్‌తో 6500 కెల్విన్, 120 నిట్స్ దగ్గర సరిచూసుకోండి; ధర భారమైతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. అయితే తెరలో లేని రంగును ఏ కాలిబ్రేటరూ పుట్టించలేదు. చివరి దిద్దుబాటు పెద్ద మానిటర్ మీదే చేయండి. కానీ ఏ ఫొటో ఉండాలో, ఏది పోవాలో తేలేది ల్యాప్‌టాప్ మీద గనుక, ఖర్చులో మొదటి వాటా దానిదే.