అన్ని బెట్టలూ ఒకటి కాదు



వాన పది రోజులు మొహం చాటేస్తే చాలు, మన అనంతపురం పల్లెల్లో ఒకటే మాట: "చెనక్కాయ ఎండిపోతా ఉంది, ఎట్లోకట్ల ఒక తడి ఇచ్చేయాల." నేనేమంటానంటే, సేద్యపు గుంటలో ఉండేదే ఒక్క తడి నీళ్లు. దాన్ని మొదటి వాడుకే పోసేస్తే, నిజంగా కావాల్సిన రోజు గుంట ఖాళీ.

మొక్క మనం అనుకున్నంత అమాయకం కాదు. నీళ్లు తగ్గితే ఆకుల్లో ఉండే సన్న రంధ్రాలు మూసుకుంటుంది. చెనక్కాయ ఆకు మడుచుకుంటుంది, జొన్న ఆకు చుట్టుకుంటుంది. ఎండ తగిలేది తగ్గితే ఆవిరయ్యేదీ తగ్గుతుంది. కంది తల్లివేరును లోతుకు దించుతుంది. అందుకే చెనక్కాయ వాడినా మధ్యలో కంది సాలు పచ్చగా కనిపిస్తుంది. అయితే రంధ్రాలు మూసుకుంటే మొక్కకు తిండి తయారు కావడమూ తగ్గుతుంది. ఆ ఓపికకు ఒక హద్దు ఉంది.

ఆ హద్దు దశను బట్టి మారుతుంది. విత్తిన 20, 25 రోజుల వరకు కొంచెం బెట్ట తగిలినా చెనక్కాయ తట్టుకుంటుంది. తర్వాత పదును దొరికితే పూత ఒక్కసారిగా వస్తుంది కూడా. ఊడలు దిగేటప్పుడు అట్ల కాదు. పైమట్టి గట్టిపడితే ఊడ లోపలికి పోదు, కాయే ఉండదు. గింజ ఊరేటప్పుడు బెట్ట తగిలితే తాలుకాయలే మిగులుతాయి. ఉన్న ఒక్క తడి ఈ రెండు దశలకే దాచుకోవాల.

"పైరు వాడిపోతా ఉంటే చూస్తా కూర్చోమంటావా?" అని అడుగుతారు. చీనీ తోటకు మనమే కావాలని బెట్ట పెట్టి, తర్వాత నీళ్లిచ్చి పూత తెప్పిస్తాం కదా! అక్కడ ఉండే ధైర్యం చెనక్కాయ దగ్గర ఎందుకు పోతుంది?

మధ్యాహ్నం వాలిన ఆకు చూసి ఇంజను వేయొద్దు. చెనక్కాయ ఆకు రాత్రి ఎట్లాగూ ముడుచుకుంటుంది కాబట్టి, పొద్దు పొడిచి ఆకు విచ్చుకునే వేళ పోయి చూడండి. తేరుకుని ఉంటే ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. పొద్దున కూడా తల వాల్చే ఉంటే నిజంగా దప్పికగొన్నట్టే.

ఇంకో బోరు కోసం అప్పు చేసే ముందు, ఉన్న నీళ్లు ఏ దశలో పోస్తున్నామో లెక్క చూసుకోండి. మీ చేలల్లో ఎట్ల చేస్తున్నారో కింద రాయండి, అందరం నేర్చుకుందాం.