జట్టు పనికి పీరియడ్, మాట్లాడేందుకు అవకాశం, పనిచోట్లకు దారి కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, స్టాఫ్ కౌన్సిల్ సభ్యులైన అధ్యాపకులకు,

విషయం: గ్రూప్ ప్రాజెక్టులు, కమ్యూనికేషన్ స్కిల్స్ తరగతులు, ఇంటర్న్‌షిప్‌ల నిర్వహణలో మార్పులు కోరుతూ డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థుల విన్నపం.



మా డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది కాగానే రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేశాం. ఈ వేసవిలో మరో రెండు నెలలు, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం మిగిలి ఉన్నాయి. ఈ ఏర్పాటు మాకు ఇష్టమే. శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి వచ్చే మాలాంటి పిల్లలకు పుస్తకం బయటి లోకం కనిపించే కిటికీ ఇదొక్కటే. అది సరిగా తెరుచుకోవాలనే ఈ వినతిపత్రం రాస్తున్నాం.

ముందుగా ఒక అనుభవం చెప్పాలి. ప్రాజెక్టులో భాగంగా మా జట్టు ఒక ఊళ్లో ఇంటింటి సర్వే చేసింది. ఫారంలో 'కుటుంబ నెలసరి ఆదాయం' అనే గడి ఉంది. ఆ ప్రశ్న అడగ్గానే అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ముఖం తిప్పేసుకుంది. పింఛను పోతుందేమోనని ఆమె భయం. అప్పుడు మా జట్టులో ఒకమ్మాయి ఫారం మూసి పక్కన పెట్టి, ఆవిడ పక్కనే కూర్చుని, "ఈ వారం పనికెల్లావా మామ్మా? కూలి డబ్బులు పడ్డాయా?" అని అడిగింది. అంతే. కూలి ఎన్నాళ్లకు పడుతోంది, బోరు నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయి, కొడుకు చెన్నై ఎందుకు వెళ్లిపోయాడు, అన్నీ ఆవిడే చెప్పుకొచ్చింది. మా రిపోర్టులో పనికొచ్చే సంగతులన్నీ అలా వచ్చినవే.

అదే అమ్మాయి వైవాలో ఇంగ్లీషు ప్రెజెంటేషన్ ఇవ్వడానికి నిలబడి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయింది. మార్కులు తగ్గాయి. స్లైడ్లు తయారుచేసి గడగడా అప్పజెప్పిన వాళ్లకు ఎక్కువ వచ్చాయి. ఎదుటి మనిషి చేత నోరు విప్పించడం కన్నా పెద్ద కమ్యూనికేషన్ స్కిల్ ఏముంటుందో మాకు తెలియదు. దాన్ని కొలిచే గడి మాత్రం మా మార్కుల పట్టికలో లేదు. ఆ గడి కావాలని మొదటిగా కోరుతున్నాం. ఊళ్లో పని జరుగుతుండగా మెంటర్ ఒక్కసారైనా వచ్చి చూడాలి. జట్టు మొత్తానికి ఒకే మార్కు వేయకుండా, ఎవరేం చేశారో ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక పేజీ రాసి ఇచ్చే పద్ధతి పెట్టి, దాని మీదే ప్రశ్నలు అడగాలి. వైవా తెలుగులో ఇచ్చే అవకాశం కూడా ఉండాలి.

జట్టు పని ఒకరిద్దరి మీదే పడుతోందన్న మాట అధ్యాపకులకూ తెలుసు. అందుకు కారణం బద్ధకమని అనుకోవడం సరికాదు. కాలేజీ వదిలాక మాలో చాలామంది ఊరి బస్సు అందుకోవాలి. అది తప్పితే ఆటోకు డబ్బులుండవు, ఆడపిల్లలు ఇంట్లో మాట పడాలి. మగపిల్లల్లో కొందరు సాయంత్రాలు మందుల షాపులోనో క్యాటరింగ్‌లోనో పనిచేసి ఫీజు కట్టుకుంటున్నారు. చివరికి హాస్టల్లో ఉన్నవాళ్లు, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు పని చేస్తారు, మిగతావాళ్లు సంతకం పెడతారు. చేసినవాళ్లకు కోపం, చేయనివాళ్లకు చిన్నతనం. టైమ్‌టేబుల్‌లోనే వారానికి రెండు పీరియడ్లు జట్టు పనికి కేటాయించి, ఆ వేళ కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉంచితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. రోల్ నంబర్ల వరసలో కాకుండా, పల్లె, పట్నం, తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం పిల్లలు కలిసేలా జట్లు వేయాలని కూడా కోరుతున్నాం.

కమ్యూనికేషన్ తరగతుల్లో సెల్ఫ్ ఇంట్రడక్షన్ నేర్పుతున్నారు. అందరి నోటా ఒకే పేరా, పేరు, ఊరు మాత్రమే మారతాయి. మాకు ఇంగ్లీషు వద్దని అనడం లేదు. కావాలి, గట్టిగా కావాలి. ఇంటర్ దాకా తెలుగులో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల్లో పడ్డవాళ్లం కాబట్టే అడుగుతున్నాం: చెప్పదలిచిన విషయాన్ని ముందు తెలుగులో తడబడకుండా చెప్పనివ్వండి, ఆ తర్వాత అదే విషయాన్ని ఇంగ్లీషులో చెప్పించండి. పదిమందికి మించని చిన్న జట్లలో చేయించండి. అరవైమంది ముందు మొదటిసారి నవ్వులపాలైన పిల్ల మళ్లీ నోరు తెరవదు.

కేంద్ర ప్రభుత్వ కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు కదా, పరీక్ష రాసేవాళ్లకు మాటలతో పనేమిటని మా తోటివాళ్లే కొందరు అంటున్నారు. కానీ ఉద్యోగం వచ్చాక కూర్చునేది కౌంటర్ దగ్గరే. అవతల నిలబడేది ఆ మామ్మలాంటి వాళ్లే.

ఇక కెరీర్ సంగతి. ఏమవుతావని అడిగితే మా క్లాసులో వినబడేవి నాలుగైదు జవాబులే: పోలీసు, టీచరు, బ్యాంకు, సచివాలయం, సాఫ్ట్‌వేర్. మేం చూసినవి అవే. పలాసలో జీడిపప్పు పరిశ్రమ ఉంది. అక్కడి గ్రేడింగు, ఎగుమతి లెక్కలు బీకాం చదివే మాకు ఎవరూ చూపించలేదు. పైడిభీమవరం ఫార్మా పరిశ్రమల్లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ ఎలా ఉంటుందో బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలకు తెలియదు. పొందూరు ఖద్దరు మన జిల్లా పేరు నిలిపింది, దాని అమ్మకాల గురించి ఒక్క ప్రాజెక్టు కూడా మా దాకా రాలేదు. భోగాపురం విమానాశ్రయంలో పైలట్లు కాక ఇంకెవరెవరు పనిచేస్తారో చెప్పే మనిషి కావాలి. చివరి సంవత్సరంలో ఒక సెమినార్ పెడితే అప్పటికి ఆలస్యమైపోతుంది. మొదటి సెమిస్టర్ నుంచే నెలకో పూర్వ విద్యార్థిని పిలిపించండి. పెద్ద హోదాలో ఉన్నవాళ్లే అక్కర్లేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినవాళ్లు వచ్చి, రోజంతా ఏం చేస్తారో, జీతమెంతో, ఏది కష్టమో ఉన్నదున్నట్టు చెబితే చాలు.

ఈ వేసవి ఇంటర్న్‌షిప్ విషయంలో మా భయం వేరే. దగ్గర్లో చోటు దొరకనివాళ్లు ఫీజు కట్టి, నాలుగు వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకునే దారి పడుతున్నారు. రెండు నెలల విలువైన కాలం, అమ్మానాన్నల కూలి డబ్బులు రెండూ పోతాయి. అలాంటి సర్టిఫికెట్లను అంగీకరించవద్దని మేమే కోరుతున్నాం. వాటికి బదులుగా జిల్లాలో మమ్మల్ని తీసుకునే సంస్థలు, కార్యాలయాల జాబితా కాలేజీయే తయారుచేయాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, అధ్యాపకుల నుంచి ఒక ఫోన్ ఉంటే తెరుచుకునే తలుపులు, మేం ఒంటరిగా వెళ్తే తెరుచుకోవడం లేదు. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదుకు రుసుము లేదు. ల్యాబ్‌లో ఒక పూట కేటాయించి మా అందరి చేతా అది చేయించాలి. డిగ్రీ అయ్యాక స్టైపెండ్‌తో దొరికే అప్రెంటిస్‌షిప్‌ల గురించి కూడా అప్పుడే చెప్పాలి.

వీటిలో కాలేజీ ఖర్చుతో జరగాల్సినవి తక్కువే. జాబితా కోసం తిరగడానికి, పూర్వ విద్యార్థులతో మాట్లాడటానికి మాలో కొందరం సిద్ధంగా ఉన్నాం, పేర్లు జతచేశాం. ఇంటర్న్‌షిప్ కేటాయింపులు మొదలయ్యేలోగా స్టాఫ్ కౌన్సిల్‌లో ఈ విన్నపాన్ని చర్చించాలని, ఆ చర్చకు క్లాసుకొక ప్రతినిధిని పిలవాలని, తీసుకున్న నిర్ణయాన్ని నోటీసు బోర్డులో పెట్టాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
డిగ్రీ రెండో సంవత్సరం బీకాం, బీఎస్సీ, బీఏ విద్యార్థినీ విద్యార్థులు