మాట పుట్టకముందే పెంపు ధర
సినిమా అభిమానుల ముచ్చట్లు – టికెట్ల లెక్క

ఇబ్రహీంపట్నం, (మా గ్రామీణ విలేఖరి): పెద్ద హీరో సినిమా విడుదల దగ్గర పడిందంటే చాలు, మన ప్రాంతంలో హోటళ్ళ ముందు, బస్టాండులో, శేరిగూడ, మంగల్‌పల్లి కాలేజీల దగ్గర వేరే ముచ్చట వుండదు. పోయిన సినిమా ఎందుకు ఆడలేదు, రాబోయేది ఎన్ని కోట్లు చేస్తుంది అని కుర్రకారు వాదులాడుకుంటున్నది. ఈ మాటల్లో తప్పేమీ లేదు. కాని ఈ మాటలకూ టికెట్టు ధరకూ నడుమ ఒక సంబంధం వున్నది. దాన్ని మన రైతు కుటుంబాలు, కూలీలు గమనించవలసి వున్నది.

సినిమాపై అభిప్రాయం మూడు దశల్లో పుడుతుంది. మొదటిది విడుదలకు ముందు. అప్పటికి చూసినవాడు ఎవడూ వుండడు. హీరో పేరు, రెండు నిమిషాల ట్రైలరు, పోస్టరు – వీటి మీదనే మాట నడుస్తుంది. రెండవది మొదటి రోజు మాట. అది చెప్పేది చాలావరకు అభిమానులే. తమ హీరో సినిమా అయితే బాగున్నదంటారు, ఎదుటి హీరోది అయితే పోయిందంటారు. మూడవది నాలుగు రోజులు గడిచాక వచ్చే మాట. పక్కింటివారు, మేనమామ, బడి పంతులు చూసి వచ్చి చెప్పేది. నమ్మదగినది ఈ మూడవదే.

ధరలు చూడండి

ఇప్పుడు ధరల సంగతి చూద్దాం. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 120 ప్రకారం ఏసీ వున్న మామూలు థియేటర్లలో టికెట్టు గరిష్ఠంగా 150 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 250 రూపాయలు. జీఎస్టీ దీనికి అదనం. పెద్ద సినిమాలకు మాత్రం ప్రత్యేక ఉత్తర్వులతో ధర పెంచుకోనిస్తూ వచ్చారు.

2024 డిసెంబరులో వచ్చిన 'పుష్ప 2' ఇందుకు మంచి ఉదాహరణ. డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్ ఆటకు టికెట్టుపై 800 రూపాయలు అదనంగా వసూలు చేయడానికి అనుమతి లభించింది. దానితో టికెట్టు వెయ్యి రూపాయలు దాటింది. మామూలు థియేటర్లలో 5 నుంచి 8 వరకు 150 రూపాయలు, 9 నుంచి 16 వరకు 105 రూపాయలు, 17 నుంచి 23 వరకు 20 రూపాయలు అదనం. ఈ మెట్లు చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. సినిమా ఎలా వున్నదో ఎవరికీ తెలియని రాత్రి ధర అందరికన్నా ఎక్కువ. ఊళ్ళో మాట పుట్టి, నలుగురూ నిజం చెప్పుకునేసరికి ధర మామూలుకు దిగుతుంది. అంటే ఆ పెంపు సినిమా బాగున్నందుకు కాదు, ఇంకా ఏమీ తెలియనందుకు.

2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. మూడు రోజులు తట్ట మోసినా ఆ రాత్రి ఆట ఒక్క టికెట్టుకు చాలలేదు. పట్నానికి రానుపోను ఛార్జీలు, తిండి ఖర్చు వేరే.

ప్రాణం కూడా పోయింది

డబ్బుతో సరిపోతే అంత బాధ లేదు. అదే రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటరు వద్ద హీరో రాకతో తొక్కిసలాట జరిగి ఒక తల్లి మరణించింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. డిసెంబరు 13న హీరో అల్లు అర్జున్ అరెస్టు కావడం, ఆ రోజే హైకోర్టు మధ్యంతర బెయిలు ఇవ్వడం పాఠకులకు విదితమే. 2023 జులైలో ఆంధ్రలోని పల్నాడు జిల్లాలో నటుడు సూర్య పుట్టినరోజు బ్యానరు కడుతూ ఇద్దరు విద్యార్థులు కరెంటు షాకుతో చనిపోయారు. హీరోకు వేరే సినిమా వస్తుంది. ఆ ఇళ్ళకు పోయినవారు రారు.

సంధ్య దుర్ఘటన తర్వాత డిసెంబరు 21న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో ఇకపై ప్రత్యేక ఆటలు, ధరల పెంపు వుండవని ప్రకటించారు. నెల తిరగకుండానే 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్'కు పెంపు అనుమతి వచ్చింది. హైకోర్టు ఆక్షేపించడంతో దాన్ని వెనక్కు తీసుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో 'ఓజీ' ప్రీమియర్‌కు 800 రూపాయల టికెట్టుకు అనుమతించగా, ఆ ఉత్తర్వును హైకోర్టు సింగిల్ జడ్జి నిలిపివేశారు. వ్యవహారం డివిజన్ బెంచి దాకా వెళ్ళింది. సభలో చెప్పిన మాట జీవోలో నిలవలేదన్నది గమనార్హం.

నిర్మాతలు తమ పక్షం తాము చెబుతున్నారు. వందల కోట్లు పెట్టి తీస్తున్నామని, పైరసీ వచ్చేలోగా, ఓటీటీలోకి వెళ్ళేలోగా పెట్టుబడి రాబట్టుకోవాలని వారి వాదన. ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే 2024 మే నెలలో ప్రేక్షకులు రాక తెలంగాణలో మామూలు థియేటర్లను పది రోజుల పాటు మూసివేయాలని యజమానులు నిర్ణయించిన సంగతి మరువరాదు. మొదటి వారం అభిమానిని పిండుకుంటే, తర్వాతి వారం సకుటుంబంగా వచ్చేవారు జంకుతారు. ఫోనులోకి వచ్చాక చూద్దాంలే అనుకుంటారు.

జనం మాట బలం

జనం మాటకు ఎంత బలమున్నదో 'బలగం' రుజువు చేసింది. 2023 మార్చి 3న పెద్ద హీరో లేకుండా వచ్చిన ఈ చిత్రాన్ని చూసినవారే నోటి మాటతో నిలబెట్టారు. ఊరి నడుమ తెరలు కట్టి జనం కలిసి చూశారు. ఈ ఉచిత ప్రదర్శనలపై నిర్మాతల తరఫున పోలీసులకు ఫిర్యాదు కూడా వెళ్ళింది. ఆ చిత్రానికే 2023 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా గద్దర్ అవార్డు లభించింది. 2024 సంక్రాంతికి 'గుంటూరు కారం' వచ్చిన రోజే, జనవరి 12న, తక్కువ థియేటర్లతో వచ్చిన 'హనుమాన్' కూడా నోటి మాటతోనే పుంజుకున్నది.

మన నియోజకవర్గంలోనే వున్న రామోజీ ఫిల్మ్ సిటీలో 2025 నవంబరు 15న జరిగిన సభలో రాజమౌళి చిత్రానికి 'వారణాసి' అని పేరు ప్రకటించి, 2027 వేసవికి తెస్తామన్నారు. అంటే ఏడాదిన్నర ముందే ముచ్చట మొదలయింది. ఇటువంటి చిత్రాలపై వాదులాడుకోవడం కుర్రకారు ఇష్టం. వద్దనడానికి ఎవరికీ హక్కు లేదు.

ప్రభుత్వం మాత్రం పెంపు ఉత్తర్వులు అర్ధరాత్రి ఇచ్చి కోర్టు చేత చెప్పించుకునే పద్ధతి మాని, అందరికీ వర్తించే ఒకే నిబంధన పెట్టవలసి వున్నది. ప్రతి థియేటరు ముందు ఆ రోజు ధర, దానికి అనుమతి ఎక్కడిదో తెలుగులో బోర్డు వుండాలి. అభిమానులు కూడా ఒక సంగతి యోచించాలి. నాలుగు రోజులు ఆగితే హీరోకు అవమానమేమీ లేదు. అప్పటికి ఊళ్ళో నిజమైన మాట వస్తుంది, ధర కొంత దిగుతుంది, తొక్కిసలాట వుండదు. ఇంట్లో వాళ్ళను కూడా వెంట తీసుకుపోవచ్చు.