కరువు ఊరికంటే ముందు గేరికొస్తుంది

కరువు ఎప్పుడొచ్చిందని ఆఫీసులో అడగండి. ఊళ్లో అడగండి. మా గేరిలో అడగండి. మూడు చోట్లా మూడు తేదీలు చెప్తారు. ఆఫీసు చెప్పే తేదీ అక్టోబరు ఆఖరు, కరువు మండలాల జాబితా అచ్చయిన రోజు. ఊళ్లో రైతు చెప్పే తేదీ శెనక్కాయ పైరు వాడి ఆకు ముడుచుకున్న రోజు. మా గేరి ఆడవాళ్లు చెప్పే తేదీ జులైలోనే ఉంటుంది. పనికి రమ్మని పిలిచే మనిషి ఆ పొద్దు గేరిలోకి రాలేదు. సంగటి ముద్ద మూట కట్టుకుని అరుగుల మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు. మాకు కరువొచ్చింది ఆ రోజే.

మా తేదీకీ ఆఫీసు తేదీకీ నడుమ మూడు నెలలున్నాయి. ఆ మూడు నెలలు మేం ఎట్లా బతికామో ఏ రిజిస్టర్లోనూ లేదు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

కరువు నడిచే దారి

తుపాను ఒక రాత్రి వస్తుంది. వరద ఒక పూటలో ముంచుతుంది. కరువు అట్లా రాదు. నడిచి వస్తుంది, మెట్టు మెట్టుగా దిగుతుంది. ఆ మెట్లు మనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే "దేవుడు వాన కురిపించలేదు, ఎవరేం చేస్తారు" అన్నవాళ్ల మాటకు తలూపి కూర్చోవాల్సి వస్తుంది.

పాత అనంతపురం జిల్లా సంగతే చూద్దాం. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఆ కొండల వెనక వాననీడలో ఉన్నాం మనం. తూర్పు తీరం మీద కురిసే ఈశాన్య రుతుపవనం ఇక్కడికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్‌నినో వచ్చిన ఏళ్లలో ఆ కొద్ది వానా తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. 2002, 2009, 2015 అట్లాంటి ఏళ్లే.

వాన ఎంత పడిందన్నది సగం మాటే. ఎప్పుడు పడిందన్నది మిగతా సగం. 2023నే తీసుకోండి. దేశం మొత్తం మీద ఆ నైరుతి కాలంలో వాన లోటు 6 శాతమే. కాగితం మీద చిన్న లోటు. కాని ఆ ఏటి ఆగస్టు 1901 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా పొడి ఆగస్టు. శెనక్కాయ ఊడ దిగి కాయ పట్టే నెల అది. ఆ నెల ఎండగట్టి తర్వాత కుమ్మరిస్తే లెక్క నిండుతుంది, గంప నిండదు.

ఇది మొదటి మెట్టు, ఆకాశం. రెండో మెట్టు నేల. నేలలన్నీ ఒక్కసారే ఆరవు. నల్లరేగడి పదును పట్టి ఉంచుతుంది. ఎర్రనేల తొందరగా ఆరుతుంది. గుట్ట వాలున ఉన్న గరుసు నేల అన్నిటికంటే ముందు ఆరుతుంది. మరి ఆ గరుసు నేల ఎవరిది? బంజరు పట్టాల పేరుతో మాలమాదిగలకు ఇచ్చినవి చాలా చోట్ల ఆ వాలు నేలలే. మంచి నేల ముందే పంచుకున్నాక మిగిలినవి. చెరువు కింది మడి మాకు రాలేదు. ఒకే వాన, ఒకే ఎండ, కాని మా చేను ఊరి చేలకంటే ముందే వాడుతుంది. ఇందులో దేవుడి చెయ్యి ఎంత, పట్టాలు రాసినవాళ్ల చెయ్యి ఎంత?

మూడో మెట్టు కూలి. పైరు ఇంకా చావలేదు. రైతు ఆశ పెట్టుకునే ఉన్నాడు. కాని చేతిలో డబ్బు బయటికి తీయడం ఆపేశాడు. విత్తడం ఆలస్యమైతే విత్తనకాయ వలిచే పని లేదు. కలుపు ఇంటివాళ్లే తీసుకుంటారు. పైరు పలచగా ఉంటే కాయ పీకడానికీ విడిపించడానికీ మనుషులు అక్కర్లేదు. పైరు పోవడానికి ఇంకా నెల ఉంది, మా కూలి మాత్రం అప్పుడే పోయింది.

నాలుగో మెట్టు చెరువు, బావి, బోరు. అనంతపురం నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో దాగినవే మన నీళ్లు. అవి అయిపోయాక ఎంత లోతుకు దించినా చాలాసార్లు దుమ్మే లేస్తుంది. ఒక ఏడు వాన తప్పితే లోతు బోరుకు తెలియకపోవచ్చు. రెండో ఏడు తెలుస్తుంది. మూడో ఏడు వాన బాగా పడినా బోరు వెంటనే లేవదు. అందుకే పైన మబ్బు పట్టాక కూడా భూమి కింద కరువు మిగిలే ఉంటుంది. ఆ తర్వాత మేత లేక పశువులు సంతకు పోతాయి. ఆఖరికి ఇంటికి తాళం పడుతుంది.

ఆఫీసు లెక్క ఆకాశాన్ని చూస్తుంది, పైరును చూస్తుంది, బోరును చూస్తుంది. నడుమ కూలి మెట్టు వాళ్ల నిచ్చెనలో లేదు.

ఒక చోటి కరువు ఇంకో చోటికి

కరువు పుట్టిన చోటే ఉండిపోదు. గాలి మీద పోతుంది. తడి నేల, పచ్చని చెట్టు గాలికి తేమ ఇస్తాయి. ఎండిన నేల ఇవ్వదు, పైగా గాలిని వేడెక్కిస్తుంది. ఆ పొడిగాలి పోయిన వైపు వాన ఇంకా తగ్గుతుంది. ఎండిన నేలే పక్క నేలను ఎండగడుతుందని శాస్త్రజ్ఞులు ఈ మధ్య లెక్కగట్టి చెప్తున్నారు. కరువు నది మీద కూడా పోతుంది. ఎగువ కర్ణాటకలో వాన తప్పితే తుంగభద్ర డ్యాం నిండదు, కాలువ చివరి ఊళ్లకు నీళ్లు రావు. కృష్ణకు నీళ్లు రాకపోతే సాగర్ ఆయకట్టులో, డెల్టాలో నాట్లు వెనకపడతాయి.

మూడోది, కరువు మనుషుల మీద పోతుంది. దీన్ని ఏ పటంలోనూ గీయరు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మనవాళ్లు గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. కదిరి వైపు నుంచి బెంగళూరు పోతారు. పాలమూరు లేబరు ఒకప్పుడు డ్యాముల పనికి పోయింది, ఆ తర్వాత బొంబాయికి, పూణేకు పోయింది. ఒక జిల్లా ఎండితే ఇంకో జిల్లాలో ఇంత గంజి దొరుకుతుందన్న నమ్మకంతోనే లారీ ఎక్కుతారు. మరి రెండు చోట్లా ఎండితే? సాగర్ కాలువకు నీళ్లు రాని ఏడు గుంటూరు వైపు మిరప తగ్గుతుంది. కోసిగి నుంచి పోయిన మనిషి అక్కడ దిగితే పని ఉండదు. ఉన్న కొద్ది పనికి మనుషులు ఎక్కువై కూలి రేటు పడిపోతుంది. అక్కడి గూడెం కూలోళ్లకూ ఇక్కణ్ణించి పోయిన గేరి కూలోళ్లకూ తగవులొస్తాయి. ఇద్దరూ మనవాళ్లే. ఇక్కడి కరువు లారీలో పోయి అక్కడి గూడెంలో దిగిందన్నమాట. జాబితాలో మాత్రం ఆ మండలం పేరు ఉండదు.

దొరలు కూడా రాసిన సంగతి

1876లో వచ్చిన ధాత కరువు గురించి పెద్దోళ్లు చెప్పగా విన్నవాళ్లు చెప్పిన మాటలు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారిలో ఉండేది, 1882లో వేరైంది. 1876లో మద్రాసు రాజధానిలో, మైసూరులో, దక్కనులో వానలు తప్పాయి. మరుసటేడు కరువు ఉత్తరాది దాకా పాకింది. లక్షల మంది చచ్చారు. ధాన్యం మాత్రం ఓడలెక్కి దేశం దాటుతూనే ఉంది. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనుల కూలిని తగ్గించాడు. పొద్దంతా కష్టం చేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అర కిలో కూడా కాదు. ఇది మనిషి బతకడానికి చాలదని మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే కార్నిష్ అనే డాక్టరు ఎదురు వాదించాడు.

అన్ని చావులయ్యాక వేసిన కరువు కమిషన్ 1880లో రిపోర్టు ఇచ్చింది. తెల్లదొరల కమిషనే, మన మీద ప్రేమతో రాసింది కాదు. అయినా అందులో ఒక నిజం ఉంది. వాన తప్పితే మొదట ఆగేది పొలం పని, మొదట కూలిపోయేది కూలి మీద బతికే జనం. గింజలు దేశంలో ఉన్నా కొనుక్కునే డబ్బు చేతిలో లేక ఆకలి పడతారు. ఇది రాసి 140 ఏళ్లు దాటింది. ఇంత తెలిసి కూడా కరువును ఇంకా ఎకరాల్లోనే కొలుస్తున్నారంటే తెలియక అనుకోవాలా? ఎకరాలున్నవాళ్ల మాటే ఆఫీసుల్లో చెల్లుతుంది గనక అనుకోవాలా?

"కరువుకు కులం లేదు"

ఈ మాట మీటింగుల్లో తరచూ వింటాం. ఒప్పుకునేది ఒప్పుకుందాం. బోరు మీద బోరు వేసి అప్పుల్లో మునిగి ప్రాణం తీసుకున్న చిన్నరైతు, బోయ అయినా కురుబ అయినా కాపు అయినా, మన శత్రువు కాడు. అతని పిల్లలూ మన పిల్లల్లాగే బెంగళూరు బస్సెక్కారు. వాళ్లకొచ్చే సాయంలో ఒక్క రూపాయి తగ్గించమని మేం అడగడం లేదు.

కాని కరువుకు కులం లేదనేవాళ్లు ఒకసారి మా బోరింగు దగ్గరికి రండి. మార్చి వచ్చేసరికి అది గాలి కొడుతుంది. అప్పుడు ట్యాంకరొస్తుంది. వచ్చి గుడి ముందు ఆగుతుంది. ఊరి బిందెలు నిండాక అడుగు నీళ్లు గేరికి. ఏ పూట వస్తుందో చెప్పరు కాబట్టి ఇంటికొక మనిషి కూలి మానుకుని బిందెలకు కాపలా. ఊరి బావి నిండుగా ఉన్నప్పుడు చూసీచూడనట్టు పోయిన కళ్లే, బావి అడుగంటినప్పుడు "ఎవరే నువ్వు, ఎవరింటిదానివి" అని అడుగుతాయి.

చెరువు తూము తీసి మడికట్లకు నీళ్లు పారించే నీరుగంటి పని చాలా ఊళ్లలో మనవాళ్లదే. అందరి మళ్లూ తడిపిన ఆ ఇంటికి చెరువు కింద మడి లేదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది ఈ హక్కు కోసమే. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. అది కరువు సీమ కాదు, కాలువలు పారే నేల. నీళ్లున్న చోటే మాకు హక్కు లేదంటే నీళ్లు లేని చోట ఏముంటుంది?

లెక్క ఎవరిది, సాయం ఎవరికి

కేంద్రం 2016లో ఇచ్చిన కరువు నిబంధనల ప్రకారం ఖరీఫు కరువును అక్టోబరు 30లోగా ప్రకటించాలి. ప్రకటన తేల్చేవి వాన, విత్తిన విస్తీర్ణం, పచ్చదనం, నేల తేమ, నీటి మట్టం. కూలి, వలస అన్నవి పక్క మాటలు. పంట నష్టానికిచ్చే సాయం ఎకరాల చొప్పున భూమి పేరున్నవాళ్ల ఖాతాకు పోతుంది. కౌలుకు చేసినవాడికి కాగితం లేకపోతే సున్నా. కూలిమనిషికి ఆ పట్టికలో గడే లేదు.

కూలోళ్లకు ఉన్నది ఉపాధి పనొక్కటే. 2005 ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే మొదలైంది. ఏడాదికి 100 రోజులు పని, కరువు ప్రకటించిన చోట ఇంకో 50 రోజులు. ఆ 50 కూడా ప్రకటన వచ్చాకే. జులైలో ఆగిన కూలికి అక్టోబరు తర్వాత జవాబు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 125 రోజులన్నారు, వినడానికి బాగుంది. కాని విత్తే కాలంలో, కోత కాలంలో కలిపి 60 రోజుల దాకా పనులు ఆపొచ్చని అందులో పెట్టారు. పొలాలకు కూలోళ్లు దొరకాలని కారణం చెప్పారు. వానలు పడిన ఏడు సరే. వాన తప్పిన ఏడు విత్తే కాలంలో పొలాన పని ఉండదు. ఉపాధి పనీ ఆపేస్తే మేం ఎక్కడికి పోవాలి? పైన చెప్పిన మూడో మెట్టు మీదే మా చెయ్యి వదిలేసినట్టు కాదా?

మనం అడగాల్సింది, మనం చెయ్యాల్సింది

కరువును కూలిదినాల్లో కూడా కొలవాలి. జులై, ఆగస్టుల్లో పని అడిగేవాళ్లు ఎప్పటికంటే పెరిగారంటే అదే కరువు గంట అనుకోవాలి. వాన తప్పిన మండలంలో విత్తే కాలమైనా ఉపాధి పని ఒక్క రోజు కూడా ఆపకూడదు. ట్యాంకరు మొదట గేరిలో ఆగాలి. గట్లు, సేద్యపు కుంటలు ముందు గరుసు పట్టా నేలల్లో వెయ్యాలి. వలస పోయినవాళ్లకు పోయిన చోటే బియ్యం, పిల్లలకు బడి ఉండాలి.

ఇవి అడిగితే ఆధారం ఏదంటారు. వాళ్ల దగ్గర వానకొలత కాగితం ఉంది. మన దగ్గర ఏముంది? ప్రతి గేరిలో, ప్రతి పేటలో, ప్రతి గూడెంలో సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలి. చదువుకున్న పిల్లలు రాయాలి. ఈ వారం ఎంతమందికి పని పిలుపొచ్చింది, కూలి ఎంతిచ్చారు, బోరింగు ఎన్ని బిందెలిచ్చింది, ట్యాంకరు ఎక్కడ ఆగింది, ఏ ఇంటికి తాళం పడింది, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి పోయారు. తారీఖు వేసి రాయాలి. చదువు రాని అవ్వ చెప్తే పిల్ల రాయాలి.

అక్టోబరులో వాళ్లు జాబితా పట్టుకుని వస్తారు. వచ్చిన రోజు అందరం కలిసి పోయి, జులైలో రాసిన పేజీ తెరిచి వాళ్ల ముందు పెడదాం. మా కరువు ఈ తారీఖున మొదలైందయ్యా, రాసుకోండి అని అడుగుదాం.

జై భీమ్!